రెండు చేతుల్లోనూ నైవేద్యం

ఇప్పుడు నేను కర్ర సాయం లేకుండా మా వీధి చివరి కొళాయి దాకా నడిచి వస్తున్నాను. నిండు బిందె ఇంకా ఎత్తలేను. మెట్లు దిగేటప్పుడు ఎడమ పాదం మొరాయిస్తుంది. అయినా స్వామి దయ వల్ల ఇంతదాకా వచ్చింది. మనసు కాస్త కుదుటపడింది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసి పెట్టాలనిపించింది.

నేను బడి ముఖం చూడలేదు. మా నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే, నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుతోనే రాస్తున్నాను. బండి వెనక పక్కకు తిరిగి కూర్చుని పోయే ఆడవాళ్ళందరి కోసం రాస్తున్నాను గానీ, దాచడమెందుకు, ముందుగా నా కూతురు సువర్ణ కోసం. హాలహర్విలో కాపురం. చంకలో పసిబిడ్డ. అది కూడా నాలాగే కూర్చుంటుంది. నా కాలు బాగవుతుందా లేదా అన్నదాని కంటే, బిడ్డను ఎత్తుకుని ఆ సీటు మీద అట్లా కూర్చోవడం దాని చేత ఎట్లా మాన్పించాలన్న దిగులే ఈ నెలలన్నీ నన్ను పట్టి ఉంచింది.

శ్రావణ మాసం

మాది ఎమ్మిగనూరు. మా ఆయన మగ్గం నేస్తాడు. శ్రావణ సోమవారం నాడు ఉరుకుంద ఈరన్న స్వామికి నైవేద్యం తీసుకుపోవడం మా అత్తగారింట్లో తరాలుగా ఉంది. తెల్లవారకముందే తలస్నానం చేసి, మడితో ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి, ఇత్తడి డబరాలో పెట్టి కొత్త గుడ్డ కడతాం. కట్టింది మొదలు స్వామి ముందు దించేదాకా అది నేల మీద పెట్టకూడదు, సంచిలో వేయకూడదు, దేనికీ తగిలించకూడదు. ఇంటి కోడలు రెండు చేతులా పట్టుకునే పోవాలి. మా అత్త కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఎద్దుల బండిలో పట్టుకుని పోయిందట. ఎద్దుల బండి పోయి మోటారు సైకిలు వచ్చింది. పట్టుకునే పద్ధతి మాత్రం అట్లాగే ఉంది.

మా బండి వెనక చక్రానికి చీర చుట్టుకోకుండా ఒక కడ్డీల గార్డు వస్తుంది. నూలు మూటలు కట్టడానికి అడ్డమని మా ఆయన దాన్ని ఏనాడో విప్పించేశాడు. హెల్మెట్టు ఒకటే. అది ఆదోని ఊళ్ళోకి పోయేటప్పుడు పోలీసుల కోసం ఆయన తలకు ఎక్కుతుంది, తక్కిన దారంతా అద్దానికి వేలాడుతుంది. వెనక కూర్చునే నాకు ఒకటి కావాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. తలలో పూలు పెట్టుకుని స్వామి దగ్గరికి పోయే మనిషికి హెల్మెట్టు ఏమిటి?

ఆ సోమవారం ఒళ్ళో డబరా, రెండు చేతులూ దాని మీద. వెనక పట్టుకునే కడ్డీ ఉంది, పట్టుకోవడానికి చెయ్యి లేదు. కొంగు గాలికి లేస్తోంది, సర్దుకోవడానికీ చెయ్యి లేదు. "కొంగు లేస్తాంది, రవ్వంత నిలుపు" అన్నాను. "వచ్చెలే, ఇంగ రెండు మలుపులు" అన్నాడు. ముందు ఒక ట్రాక్టరు పొలం దారి నుంచి రోడ్డెక్కింది. ఆయన ఒక్కసారిగా బ్రేకు వేసి పక్కకు తిప్పాడు. నా కొంగు చక్రంలోకి పోయింది. ఎవరో భుజం పట్టుకుని వెనక్కి గుంజినట్టయింది.

పడేటప్పుడు మనిషి చేతులు నేలకు ఆనిస్తాడు. చంటిపిల్లలకు కూడా అది తెలుసు. నేను చేతులు పైకెత్తాను. డబరా నేలకు తగలకూడదని.

తరువాత మా ఆయన చెబితే తెలిసింది. తల వెనక నుంచి రక్తం కారుతుంటే, పాదం తిరగబడి ఉంటే, నేను వచ్చిపోయే వాళ్ళను బతిమాలుతున్నానట: "అన్నా, దీన్ని పట్టుకోండి, కింద పెట్టొద్దండి." ఎవరో ఒక పశువుల కాపరి తన కంబళి పరిచి నన్ను పడుకోబెట్టి, ఆటో వచ్చేదాకా ఆ డబరాను చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడట. ఆయన పేరు మాకు తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన చల్లగా ఉండాలని మొక్కుకుంటాను.

ఆసుపత్రి

ఆదోనిలో ఎముకల ఆసుపత్రికి తీసుకుపోయారు. తలకు కుట్లు వేశారు. పాదం దగ్గర ఎముకలు రెండుచోట్ల విరిగాయని ఆపరేషన్ చేశారు. నాకు బాగా గుర్తున్నది నొప్పి కాదు, ఎదురుచూపు. ఎక్స్‌రే గది బయట చెక్క బల్ల. పేరు పిలిచేదాకా ఆ బల్ల మీదే లోకం. ఒకనాడు నాతో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. మాధవరం నుంచి వచ్చినామె నా కట్టు చూసి అడిగింది.

"బండేనా అక్కా?"

"బండే."

"ఎనక కూసున్యావా?"

"ఎనకే."

"పక్కకేనా?"

"పక్కకే."

తక్కిన ఇద్దరూ తలలూపారు. మాధవరం ఆమె తన చెయ్యి కట్టు చూసుకుని, "నడిపినోళ్ళు మాత్రం బాగుండారు సూడు, టీకి పోయినారు" అంది. ఆ నొప్పిలోనూ నలుగురం నవ్వాం. నవ్వితే నా తల కుట్లు గుంజాయి.

మా ఆయన మాత్రం నవ్వే స్థితిలో లేడు. మోచేతులు గీరుకుపోవడం తప్ప ఆయనకేమీ కాలేదు. ఎవరు వచ్చి అడిగినా ఒకటే మాట: "ట్రాక్టరోడు అడ్డమొచ్చినాడు." ఎంతసేపూ ట్రాక్టరోడే. మగ్గం ఆపుకుని మంచం పక్కన కూర్చున్న మనిషిని ఏమంటాం.

మా అత్త వచ్చిన వాళ్ళందరికీ వేరే కథ చెప్పేది. "నైవేద్యం తునక కింద పడలే. సామి మహిమ. డబరాకు సొట్ట గూడా ల్యా." నా పక్క మంచం దగ్గర కౌతాళం మనిషి మరియమ్మ ఉండేది, తుంటి విరిగిన తల్లికి తోడుగా వచ్చింది. పత్తి చేలల్లో కూలికి పోయే మనిషి, ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టదు. మూడు రోజులు మా అత్త మాట విన్నది. నాలుగో రోజు అంది:

"డబరాకు సొట్ట పడితే తట్టి సరిజేస్తారు గదా అవ్వా. తలకాయకు పడితే యావడు తడతాడు?"

మా అత్త మూతి తిప్పుకుంది. ఆ సాయంత్రం మరియమ్మ నా జడలో ఎండిపోయిన రక్తాన్ని గోరువెచ్చని నీళ్ళతో, వెంట్రుక వెంట్రుకా విడదీసి కడిగింది. కడిగినంతసేపూ పెదవుల కింద ప్రార్థిస్తూనే ఉంది. నేను మా స్వామిని తలుచుకుంటున్నాను. ఎవరి దేవుడు విన్నాడో నాకు తెలియదు. ఆ రాత్రి మొదటిసారి నిద్రపట్టింది.

భాద్రపదం

కట్టుతో ఇంటికి వచ్చాను. సువర్ణ ఐదు నెలల పసిదాన్ని తీసుకుని వచ్చి పది రోజులు చాకిరీ చేసింది. పదకొండో రోజు అల్లుడు వచ్చాడు. మా అల్లుడు మంచివాడు, ఆ మాట ముందే చెప్పాలి. మందు ముట్టడు, పొలం, ఇల్లు తప్ప లోకం ఎరగడు.

నా మంచం కిటికీ పక్కన. నేను చూస్తుండగానే నా కూతురు పసిదాన్ని ఎడమ చేత్తో రొమ్ముకు అదుముకుని, కుడి చేత్తో గుడ్డల సంచి పట్టుకుని, పక్కకు ఎక్కి కూర్చుంది. రెండు చేతులూ నిండి ఉన్నాయి. కొంగు చక్రం పక్కన వేలాడుతోంది. నేను అరిచే లోపే బండి మలుపు తిరిగింది. హాలహర్వి చేరినామని ఫోను వచ్చేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మా ఆయనతో చెప్పాను. "అల్లునికి నువ్వొక మాట సెప్పు. దాన్ని బస్సులో తీస్కపొమ్మను."

"అల్లునికి సెప్తారా యావరన్నా? పిల్లనిచ్చినోళ్ళం. ఏమనుకుంటాడు?"

"నా కాలు సూసినాక గూడా ఏమన్నా అనుకుంటాడా?"

"నీ కాలు ట్రాక్టరోడు ఇరగ్గొట్టె. అల్లుడేం జేసె మధ్యలో?"

అంతటితో ఆగాను. ఆయన మాటలో ఒక సంగతి అర్థమైంది. తన సంగతి ఒప్పుకోనివాడు ఇంకొకరికి చెప్పలేడు. అల్లుడి దాకా పోవాలంటే నేను ముందు ఇక్కడ, ఈ ఇంట్లో మొదలుపెట్టాలి.

ఆశ్వయుజం

కట్టు విప్పారు. పాదం కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. వారానికి మూడు రోజులు ఆదోనికి వచ్చి కసరత్తు చేయించుకోకపోతే పాదం అట్లాగే ఉండిపోతుందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. మొదటి కసరత్తుకు పోయే రోజు మా ఆయన వాకిట్లోకి బండి తీశాడు.

నేను ఎక్కనన్నాను.

"భయమా?" అన్నాడు.

"భయమే. నీకు లైసెన్సు ల్యా. ఎవరి కాడా నేర్సుకోల్యా. నువ్వు నేర్సుకొని లైసెన్సు తెచ్చుకో, సక్రానికి గార్డు బిగించు, నాకొక హెల్మెట్టు తే. ఆ పొద్దు ఎక్కుతా."

"ఇరవై ఏండ్ల నించి నడుపుతాండా. ఇప్పుడు నాకు నేర్పేదెవరే?"

నేను దేవుడి మీద ఒట్టు పెట్టలేదు. ఒట్టుకు భయపడి ఒప్పుకుంటాడు, ఆ భయం తీరగానే మరచిపోతాడు. ఆయన మనసుకే తట్టాలని ఊరుకున్నాను.

కాబట్టి బస్సు. మా అత్త తోడు వచ్చేది. చంక కర్రలతో బస్సు మెట్లు ఎక్కడం నాకు చేతకాలేదు. వెనక్కి తిరిగి మొదటి మెట్టు మీద కూర్చుని, చేతులతో ఒళ్ళు లేపుకుంటూ, ఒక్కో మెట్టే జరిగేదాన్ని. జనం చూసేవాళ్ళు. ఒక కండక్టరన్న ప్రతిసారీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా ఆగేవాడు. "నిదానం అమ్మా, బస్సు యాడికీ పోదు" అనేవాడు. ఆ ఒక్క మాటకు ఎన్ని దండాలు పెట్టినా తీరదు.

మూడో వారం మా ఆయన నూలు కోసం పోతూ బస్టాండు ముందు ఆగాడట. నేను వెనక్కి తిరిగి మెట్ల మీద జరగడం చూశాడట. నాకు తెలియదు. ఆ రోజు సాయంత్రం అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూనే అడిగాడు.

"ఆ లైసెన్సుకు ఏమేం కావల్లంట?"

కార్తీకం

ముందు పలక లాంటి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రోడ్డు గుర్తుల పరీక్ష పెడతారు. మా ఆయనకు చదువు అంతంత మాత్రం. ఎవరో గుర్తుల పుస్తకం ఇస్తే నేను చదివి చెప్పేదాన్ని. ఆయన మగ్గం మీద, నేను గట్టు మీద, పాదాన్ని గుడ్డతో గుంజి వంచుకుంటూ. పాదం వంచడం, పుస్తకం చెప్పడం రెండూ ఒకేసారి. నొప్పి పుట్టినప్పుడు ప్రశ్న గట్టిగా వచ్చేది.

"ఎర్ర గుండ్రం లోపల రెండు బండ్లు?"

"దాటుకోగూడదు. మెల్లగ అడుగమ్మే, ఇదేమన్నా పోలీస్ టేసనా."

ఆ పుస్తకంలోనే ఒక పేజీ నన్ను ఆపేసింది. బండి వెనక ఒక్కరినే కూర్చోబెట్టుకోవాలి. కూర్చున్నవాళ్ళకు పట్టుకునే కడ్డీ, కాళ్ళు పెట్టుకునే మెట్టు ఉండాలి. బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రం సగానికైనా కప్పు ఉండాలి. వెనకవాళ్ళకూ హెల్మెట్టు ఉండాలి. చిన్నపిల్లలను నడిపేవాళ్ళకు కట్టే పట్టీ, వాళ్ళ తలకు సరిపోయే హెల్మెట్టు కూడా. రెండుసార్లు చదివాను. ఎవరో ఎక్కడో కూర్చుని చట్టం రాసినవాళ్ళు నా చీర కొంగును తలుచుకున్నారు. నా మనవరాలి తలను తలుచుకున్నారు. మేమే తలుచుకోలేదు. అప్పటిదాకా చట్టమంటే జరిమానా అనుకున్నాను. ఆ రోజు ఆ పేజీకి కళ్ళకద్దుకుని దండం పెట్టుకున్నాను.

గుర్తుల పరీక్ష ఆయన నెగ్గాడు. బండి పరీక్షలో తప్పాడు. ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారిలో కాలు కింద పెట్టకుండా తిప్పాలి. ఆయన రెండో చుట్టులో కాలు పెట్టాడు. ఇంటికి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. మా అత్త పడీ పడీ నవ్వింది.

"ఇరవై ఏండ్లు దున్నిన ఎద్దుకు మలుపు రాలేదంటనా."

నేను నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన మళ్ళీ పోయేవాడు కాదు.

ఆదోనిలో బండ్లు నేర్పే ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన దగ్గర పది రోజులు నేర్చుకున్నాడు. మొదటి రోజే ఆయన మా ఆయన వెనక ఎక్కి కూర్చుని, "ఇప్పుడు నేను నీ పెండ్లాం అనుకో. బ్రేకు ఎయ్యి" అన్నాడట. మా ఆయన వేశాడు. ముసలాయన వచ్చి ఆయన వీపుకు గుద్దుకున్నాడు. "సూస్తివా? నీకు బ్రేకు ముందే తెల్సు. ఎనకోనికి గుద్దుకున్నాకే తెలుస్తాది. ఇద్దరుంటే ముందు నించే మెల్లగ పట్టల్ల." ఇది మా ఆయనే ఇంటికి వచ్చి చెప్పాడు. నేను ఆయన వైపు చూడకుండా పాదం వంచుకుంటూ కూర్చున్నాను. అప్పుడు కూడా తప్పు తనదన్న మాట ఆయన నోట రాలేదు. రెండోసారి పరీక్షలో నెగ్గాడు.

పుష్యం

గార్డు బిగించారు. నాకు హెల్మెట్టు వచ్చింది. ఇక కూర్చోవడం. నేను లోపలికి వెడల్పుగా లంగా కుట్టుకున్నాను, రెండు పక్కలా కాళ్ళు వేసినా చీర పైకి పోకుండా. కొంగు నడుముకు చుట్టి దోపుకున్నాను. మా అత్త వాకిలికి అడ్డం నిలబడింది.

"మొగోళ్ళ మాదిరి కాలు అటొకటి ఇటొకటి ఏస్కొని బజార్లో పోతావా?"

"పోతా అత్తా. ఆ పొద్దు నలుగురు మొగోళ్ళు నన్ను ఎత్తి ఆటోలో ఏస్తాంటే దారినపోయేటోళ్ళంతా సూసినారు గదా. దానికంటే ఇది మేలు."

మా అత్త పక్కకు జరిగింది. నైవేద్యం సంగతిలో ఇప్పటికీ ఒప్పుకోలేదు. వచ్చే శ్రావణానికి బస్సులో సీటు మీద కూర్చుని, డబరా ఒళ్ళో పెట్టుకుని పోతానని నేను. బస్సులో పదిమంది తగిలి మైల పడుతుందని ఆమె. ఆ వాదం నడుస్తూనే ఉంది. బండి మీద మాత్రం పట్టుకుని పోను. ఆ సంగతి స్వామికే చెప్పుకున్నాను. ఆయన కోప్పడతాడని నాకు అనిపించలేదు.

మొదటి రోజు ఆదోని చేరేదాకా వెనక కడ్డీ పట్టుకున్న వేళ్ళు విప్పలేదు. దిగాక డాక్టరమ్మ చూసి, "పాదం కంటే నీ వేళ్ళకే కసరత్తు కావాలి" అని నవ్వింది. వారం వారం భయం తగ్గింది. పాదం కొంచెం కొంచెం వంగింది.

మాఘం

పసిదాని పుట్టెంట్రుకలు తీయించడానికి సువర్ణ వాళ్ళు వచ్చి రెండు రోజులున్నారు. తిరిగి పోయే పూట అల్లుడు బండి తీశాడు. సువర్ణ పసిదాన్ని ఎత్తుకుంది, సంచి అందుకుంది. ఈసారి నేనే చెబుదామని వాకిట్లోకి వచ్చాను. నా మాట అల్లుడికి కష్టంగా తోచినా పడతానని నిశ్చయించుకున్నాను.

నా కంటే ముందు మా ఆయన బండి ముందుకు వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు.

"అప్పా, ఒక మాట."

"సెప్పు మామా."

అల్లుడు బండి ఆపేశాడు.

"మీ అత్తను ట్రాక్టరోడు పడెయ్యల్యా. నేనే పడేసినా. కొంగు లేస్తాంది నిలుపు అనె. నేను నిలపల్యా. గార్డు నేనే ఇప్పించినా. నడిపేది నాకు రాదని నాకు తెలీదు."

వాకిట్లో మా అత్త, నేను, సువర్ణ, ఎదురింటి వాళ్ళు. ఆరు నెలల నుంచి నేను ఎదురుచూసిన మాట అది. వినేటప్పుడు సంతోషం కలగలేదు. ఆయన పక్కన పోయి నిలబడాలనిపించింది, నిలబడ్డాను.

"నీకు సెప్పేంత పెద్దోన్ని గాదు నేను" అన్నాడు మా ఆయన. "పిల్లకు పట్టీ, టోపీ, దీనికి హెల్మెట్టు తెచ్చేదాకా వీళ్ళను బస్సులో పంపు. నేనే ఎక్కిస్తా."

అల్లుడు తల వంచుకుని ట్యాంకు మీద దుమ్ము తుడిచాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడో, ఆలోచిస్తున్నాడో తెలియలేదు. చివరికి సువర్ణ చేతిలోని సంచి తీసుకుని తన బండికి కట్టుకున్నాడు.

"బస్సు ఎన్ని గంటలకు మామా?" అన్నాడు.

నేను కర్ర ఊతతో బస్టాండు దాకా నడిచే పోయాను. సువర్ణ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పసిదాన్ని ఒళ్ళో నిలబెట్టుకుంది. బస్సు ఆదోని వైపు కదిలింది. దాని వెనకే బండి మీద మా అల్లుడు, ఒక్కడే, బస్సును దాటకుండా పోయాడు.